పల్లపు లైను రెండో వనరు

బొగ్గులవాగు కరెంటు కేంద్రం పొగగొట్టం ముప్పయ్యేళ్ల పాటు తన ఇష్టం వచ్చినట్టు బతికింది. ఎవరినీ అడగకుండా పొగ వదిలింది. దండెం మీద ఆరేసిన బట్టల మీద మసి రాల్చింది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల ముఖాలు కూడా నల్లబరిచి పంపింది. అలాంటి పొగగొట్టం మెడకు ఒక మంచి ముహూర్తాన ఏనుగు తొండమంత గొట్టం తగిలించి, "నేటి నుంచి నీ పొగ మా బందీ" అని ప్రకటించిన సంస్థ పేరు ధూమ బంధన సంస్థ.

ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దమనిషి చేతికి సంస్థవాళ్లిచ్చిన కాగితంలో, ఏడాదికి నాలుగువేల టన్నులు పట్టగలం అని ఉంది. ఆయన ఉత్సాహం ఆపుకోలేక, "పదివేల టన్నులు పట్టి చూపిస్తాం!" అన్నాడు. చప్పట్లు పదివేలకు సరిపడా మోగాయి. పెద్దమనిషి నోటి నుంచి వచ్చిన మాటను దిద్దడం ఎవరివల్లా కాదు కనుక మర్నాడు కాగితాన్ని దిద్దారు. గేటు పక్కన రెండు నిలువుల బోర్డు ఒకటి నిలబెట్టి, "ఇప్పటివరకు పట్టిన టన్నులు" అని ఎర్రటి అంకెలు వెలిగించారు. ఆ రోజు నుంచి ఆ సంస్థలో అందరూ గడియారం చూడటం మానేసి బోర్డు చూడటం మొదలుపెట్టారు.

ఆ సంస్థలో జూనియర్ కెమిస్టు బొంకూరి ఓదెలు. బొంకూరి వారింట్లో కాలేజీ గేటు దాటిన మొదటి మనిషి. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. తండ్రి బానయ్య అదే ఊళ్లో మూడో నంబరు బొగ్గుబాయిలో సర్దార్‌గా చేసి దిగిపోయాడు. సర్దార్ అంటే, పొద్దున అందరికన్నా ముందు బాయిలోకి దిగి, సేఫ్టీ దీపం నేల దగ్గరా కప్పు దగ్గరా పట్టి గాలి బాగుందో లేదో చూసి, బాగుంటేనే మనుషులను లోపలికి వదిలేవాడు. దీపం ఆరితే మేనేజరు వచ్చి బతిమాలినా వదలడు. అలా ముప్పై నాలుగేళ్లు బానయ్య వదిలిన మనుషులందరూ సాయంత్రానికి బయటికి వచ్చారు. ఆయనకు అంతకుమించి చెప్పుకునే గొప్ప ఏదీ లేదు.

ఓదెలుకు తన ఉద్యోగం మీద నిజమైన నమ్మకం. బొగ్గు కాలితే వచ్చే బొగ్గుపులుసు వాయువును ఒక ద్రావణం పీల్చుకుంటుంది, వేడి చేస్తే వదిలేస్తుంది. అలా వేరుచేసిన వాయువును భూమిలో ఒక కిలోమీటరు లోతున, పైన గట్టి రాతిపొర ఉన్నచోట దాస్తే వేల ఏళ్లు అక్కడే ఉంటుంది. ఇందులో గారడీ ఏమీ లేదు. సిమెంటు, ఉక్కు చేసేచోట పొగ తగ్గించడానికి ఇంతకన్నా మంచి దారి ఇంకా దొరకలేదని అతనికి చదువు చెప్పిన మాస్టారు చెప్పేవాడు. "కానీ రెండు సంగతులు మరిచిపోకండిరా" అని కూడా చెప్పేవాడు. మొదటిది, పట్టే యంత్రానికి ఆకలెక్కువ. తాను పట్టే పొగకు కాలిన బొగ్గు ఎంత కరెంటు ఇస్తుందో, అందులో నాలుగో వంతు తానే తినేస్తుంది. రెండోది, దాచే చోటు సరైంది కాకపోతే, పట్టడమూ పట్టకపోవడమూ ఒకటే.

ధూమ బంధన సంస్థ ఆ రెండూ మరిచిపోలేదు, పక్కన పెట్టింది. కిలోమీటరు లోతు బోరు నాలుగు వందల మీటర్ల దగ్గర రాతిలో ఇరుక్కుని ఆగిపోయింది. ముహూర్తం మాత్రం ఆగదు కదా. అందుకని పట్టిన వాయువును "తాత్కాలికంగా" మూసేసిన మూడో బాయిలోకి పంపాలని నిర్ణయించారు.

ఆ సంగతి తెలిసిన రోజు బానయ్య అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేదు.

"పట్టుడు మంచిదే బిడ్డా. పట్టినదాన్ని నా బాయిల పెడ్తరా?"

"మూసేసిన బాయే గదా బాపూ."

"ముందట తలుపు మూసిండ్రు. ఎనుక కిటికీ ఎవ్వడు మూసిండు? మన లైను ఎనుక గాలిబాయి ఉన్నదిరా. లోపలికి గాలి అందులకెళ్లే పోయేది."

"దానికి సిమెంటు మూత ఏసినట్టు ఫైల్ల ఉన్నది."

"ఫైల్ల ఉంటే గాలి సదువుకుంటదా?" అన్నాడు బానయ్య, కంచం పక్కకు జరుపుతూ.

వాళ్లుండే చోటును పల్లపు లైను అంటారు. బాయి కార్మికులకు ఎప్పుడో కట్టిన ముప్పై రెండు క్వార్టర్లు. ఊరు మొత్తంలో అన్నిటికన్నా పల్లం అదే. వానాకాలంలో ఊరి నీళ్లన్నీ అక్కడికే వచ్చేవి. ఫిబ్రవరిలో వాయువూ వచ్చింది.

ముందుగా కనిపెట్టింది పక్కింటి లచ్చవ్వ కోళ్లు. "ఓ ఓదెలూ! ఇటు రా కొడుకా! కోళ్లు కల్లు తాగినట్టు తూలుతున్నయిరా!" అని ఆమె కేక వేసేసరికి ఓదెలు పళ్లు తోముకుంటున్నాడు. వేపపుల్లతోనే వచ్చాడు. మూడు కోళ్లు పక్కకు ఒరిగి ఉన్నాయి. గోడెక్కి కూర్చున్న పుంజు మాత్రం హాయిగా కూస్తోంది. ఓదెలు పరుగున పోయి ఆఫీసు నుంచి కొలిచే మీటరు తెచ్చాడు. గాలిబాయి సిమెంటు మూతలో చెయ్యి పట్టేంత పగులు. దాని పక్కన మీటరు ముల్లు చివరికంటా పోయి అక్కడే నిలబడింది.

అతను ఆఫీసుకు వెళ్లి మూడు వాక్యాల నివేదిక రాశాడు. నిల్వ లీకవుతోంది. పల్లపు లైనులో నూట నలభై ఒక్కమంది ఉన్నారు. వెంటనే బాయిలోకి పంపడం ఆపి గాలిబాయిని మూయాలి.

సంస్థ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ డాక్టర్ పరాంకుశం గారు ఆ నివేదికను రెండు వేళ్లతో పట్టుకుని ఓదెలును పిలిపించారు. పక్కన ప్రణాళికాధికారి చక్రధర్ కూడా ఉన్నాడు. బోర్డు మీది అంకెకు బాధ్యుడు అతనే. అంకె ఆ రోజు మూడువేల తొమ్మిది వందల దగ్గర ఉంది. మార్చి ముప్పై ఒకటికి ఇక నెలన్నర.

"ఓదెలు గారూ, మీ నివేదికలో భాష చాలా తీవ్రంగా ఉంది" అన్నారు పరాంకుశం.

"లీకు అని ఒక్క మాటే రాశాను సార్."

"అదే నేననేది. సంస్థ నిబంధనావళిలో బంధనం ఉంది, బదిలీ ఉంది, నిల్వ ఉంది. లీకు లేదు. లేనిదాన్ని మీరెలా కనుగొన్నారు?"

"కోళ్లు చచ్చిపోయాయి సార్."

"పశుసంవర్ధక విషయాలు మన పరిధిలోకి రావు."

చక్రధర్ ఇంతసేపూ కిటికీలోంచి బోర్డు వైపు చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఇటు తిరిగాడు. "ఓదెలూ, ఆ పగులు దగ్గర వాయువు చిక్కదనం ఎంత?"

"తొంభై శాతం దాటింది సార్."

"మన పొగగొట్టంలో?"

"పన్నెండు, పదమూడు."

చక్రధర్ ముఖంలో అప్పుడు వెలిగిన వెలుగును చూసి ఓదెలు మొదట, ఈయనకు ప్రమాదం అర్థమైంది అనుకున్నాడు.

"సార్," అన్నాడు చక్రధర్, పరాంకుశం గారి వైపు వంగి, "పొగలోంచి పన్నెండు శాతాన్ని ఏరుకోవడానికి మనం ప్రాణాలు తీసుకుంటున్నాం. అక్కడ తొంభై శాతం తనంతట తానే వస్తోంది. ఒక గొడుగు పెట్టి గొట్టం బిగిస్తే చాలు. నిబంధన నాలుగు ఏమంటుంది? 'సంస్థ సాధనములచే పట్టబడిన ప్రతి టన్ను పట్టుబడిగా పరిగణింపబడును.' ఎక్కడి నుంచి పట్టాలో రాయలేదు."

"సార్, అది మనం పోయిన నెల పట్టిందే!" అన్నాడు ఓదెలు.

"దాని మీద పేరు రాసి ఉందా?"

"బాయిలో వేరే వాయువు లేదు సార్."

"పారిపోయిన దొంగను మళ్లీ పట్టుకుంటే పోలీసువాళ్లు రెండు అరెస్టులు రాసుకోరా?"

పరాంకుశం గారు కలం తీసి నివేదికలో "నిల్వ లీకవుతోంది" అన్నది కొట్టేసి, దాని మీద "రెండో వనరు ఆవిష్కృతమైంది" అని రాశారు. "నిశిత పరిశీలన. అభినందనలు" అని ఓదెలుకు చెయ్యి కూడా ఇచ్చారు.

వారం తిరక్కుండా గాలిబాయి మీద ఇనుప గొడుగు, దాని నెత్తిన గొట్టం, గొట్టం చివర పంపు వచ్చాయి. పంపు వాయువును పీల్చి, కొలిచి, బోర్డు మీద అంకె వేసి, తిరిగి మూడో బాయిలోకే తోసేది. లోపల ఒత్తిడి పెరిగి వాయువు మళ్లీ గాలిబాయి వైపు వచ్చేది. మళ్లీ పంపు, మళ్లీ కొలత, మళ్లీ అంకె. ఎంత ఎక్కువ తోస్తే అంత ఎక్కువ కారేది, ఎంత ఎక్కువ కారితే అంత ఎక్కువ పట్టేవారు. రోజుకు పది పదిహేను టన్నులు కష్టంగా ఎక్కే బోర్డు నూట అరవై చొప్పున పరుగెత్తసాగింది. గేటు దగ్గర గూర్ఖా కూడా సాయంత్రం ఇంటికి పోతూ అంకె చూసి సెల్యూట్ కొట్టేవాడు.

మార్చి మొదటి వారంలో కరెంటు కేంద్రం బాయిలరు మరమ్మతుకు ఆగింది. పొగగొట్టం చల్లబడింది. పొగే లేనప్పుడు పట్టేదేమిటని ఓదెలు అమాయకంగా అడిగాడు. బోర్డు మాత్రం ఆగలేదు. పంపుకు కావలసిన కరెంటు వంద మైళ్ల దూరంలోని ఇంకో బొగ్గు కేంద్రం నుంచి వస్తోంది. "ఆ పొగ సంగతో?" అంటే, "అది వేరే జిల్లా" అన్నాడు చక్రధర్. పొగ రాకపోయినా పొగను పట్టగలిగిన మొదటి సంస్థ మాదేనని పరాంకుశం గారు పైకి లేఖ రాశారు. పైనుంచి అభినందనలు వచ్చాయి. చూడటానికి ఒక ఉన్నత కమిటీ వస్తుందని కబురూ వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న చిక్కు. ఇనుప గొడుగు గాలిబాయిలోంచి వచ్చేదాన్ని అంతా పట్టేది కాదు. మిగిలింది నేల మీదుగా పాకి పల్లపు లైను ఇళ్లలోకి వచ్చి కూర్చునేది. గాలికన్నా బరువైన వాయువు కదా, మోకాళ్ల దాకా నీళ్లలా నిలిచేది. కంటికి కనపడదు, వాసన లేదు. అగరుబత్తి కింద పెడితే ఆరిపోయేది. కింద కూర్చుని బియ్యం ఏరే ఆడవాళ్లకు తలనొప్పి. పీట మీద కూర్చున్న ముసలివాళ్లకు ఆయాసం.

బొంకూరి వారింట్లో ఇంకో సంగతి ఉంది. ఓదెలు అక్క స్రవంతి, ఆమె భర్త వాళ్లింట్లోనే ఉంటారు. వాళ్ల బిడ్డ హన్సికకు ఎనిమిది నెలలు. సరిగ్గా ఆ నెలలోనే ఆ పిల్లకు పాకడం వచ్చింది. వచ్చిన విద్యను ప్రదర్శించాలని అది ఏడుస్తుంది. కింద వదలడానికి లేదు. అందుకని పొద్దున అమ్మ చంకలో, మధ్యాహ్నం అమ్మమ్మ చంకలో, సాయంత్రం తాత భుజం మీద. పిల్ల నేలను చూసి చేతులు చాస్తే ఇంట్లోవాళ్లు ముఖాలు తిప్పుకునేవాళ్లు.

లైనువాళ్లు ఆరు అర్జీలు ఇచ్చారు. గాలిబాయి మూయండి, లేదా మమ్మల్ని ఎక్కడికైనా పంపండి. ఆరింటికీ కలిపి ఒక సర్క్యులర్ వచ్చింది. నోటీసు బోర్డు మీద దాన్ని అతికించే పని ఓదెలుదే.

"పల్లపు లైను నివాసులకు తెలియజేయునది. వాయువు బరువైనది గావున నేలను ఆశ్రయించును. నివాసులు నేలను ఆశ్రయింపకుండుట ఉభయతారకము. ఇందు నిమిత్తము ఇంటికి రెండు చొప్పున నాలుగడుగుల కోళ్లు గల మంచములు పంపిణీ చేయబడును. కూర్చుని చేయు పనులు నిలబడి చేయవలెను. పాకు వయసు శిశువులకు నడక నేర్పుట త్వరితపరచవలెను."

మంచాలు వచ్చాయి. ఎక్కడానికి చిన్న నిచ్చెనలు కూడా వచ్చాయి. ఓదెలు తల్లి రాజవ్వ మొదటి రోజు మంచమెక్కి లేచి కూర్చోబోతే తల ఫ్యాన్ రెక్కకు ఆనబోయింది. "ఓరి నీ సంస్థ పాడుగాను! కింద పంటె గాలి లేక సావాలె, మీద పంటె గాలి తగిలి సావాలె!" అని ఆమె నిచ్చెన మీదే నిలబడి కొడుకును తిట్టింది. కొడుకు ఫ్యాన్ ఆపి, దాన్ని విప్పి మూల పెట్టాడు.

మర్నాడు ఓదెలు పరాంకుశం గారి గదిలోకి పిలవకుండానే వెళ్లాడు.

"సార్, గాలిబాయిని మూసేద్దాం. సిమెంటు పని నాలుగు రోజులు."

"రోజుకు నూట అరవై టన్నులిచ్చే వనరును మూయమంటారా? మీరు కెమిస్టులేనా?"

"పోనీ మనుషులను తరలిద్దాం సార్. గుట్ట మీద ఇంజనీర్ల క్వార్టర్లు ఖాళీగా ఉన్నాయి."

పరాంకుశం గారు కళ్లజోడు తీసి, చదువురాని పిల్లవాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పారు. "చూడండి ఓదెలూ. తరలిస్తే ఎందుకు తరలించారని అడుగుతారు. కారణం రాయాలి. కారణం రాస్తే, వాయువు బయటికి వస్తోందనాలి. బయటికి వస్తే అది నిల్వ కాదు. నిల్వ కాకపోతే పట్టింది పట్టినట్టు కాదు. అప్పుడు బోర్డు మీద ఏం రాయాలి, సున్నా రాయాలా? ఒక లైను కోసం దేశానికి ఇవ్వవలసిన సందేశాన్ని ఆపుకుంటామా?"

"మా అక్క బిడ్డ పాకుతోంది సార్."

"సంతోషం. ఏడాదికి నడుస్తుంది."

ఉన్నత కమిటీ మార్చి మూడో వారంలో వచ్చింది. రెండో వనరును దగ్గర నుంచి చూపించాలని చక్రధర్ సభను సరిగ్గా గాలిబాయి పక్కన పల్లంలోనే ఏర్పాటు చేశాడు. షామియానా వేశారు. పెద్దల కోసం ముందు వరుసలో మెత్తని సోఫాలు పరిచారు, కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేంత లోతైనవి. "సోఫాలు వద్దు సార్, ఎత్తు కుర్చీలు వేయించండి" అని ఓదెలు అడిగితే, "మర్యాద తెలియదా?" అన్నాడు చక్రధర్. లైనువాళ్లను తాడు కట్టి కొంచెం ఎత్తున, కాలువ గట్టు మీద నిలబెట్టారు. అది వాళ్ల అదృష్టం.

ఏ సభ అయినా జ్యోతి వెలిగించకుండా మొదలు కాదు. ఐదు వత్తుల ఇత్తడి దీపం తెచ్చారు. వేదిక మీద కమిటీకే చోటు చాలలేదు కనుక దాన్ని కింద నేల మీద పెట్టారు. కమిటీ అధ్యక్షుడు వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని దిగి, వినయంగా నడుం వంచాడు. వత్తి దగ్గరికి రాకముందే కొవ్వొత్తి ఆరిపోయింది. అందరూ నవ్వారు. మళ్లీ వెలిగించారు. మళ్లీ వంగాడు. మళ్లీ ఆరింది. సన్నాయి ఆగిపోయింది.

"గాలి ఎక్కువగా ఉంది" అన్నాడు చక్రధర్. షామియానా అంచు గుడ్డ కూడా కదలడం లేదు.

"నూనె కల్తీది" అన్నారు పరాంకుశం. నూనె దాకా మంట పోతేగా.

అగ్గిపుల్లలు గీశారు. ఒక్కొక్కటీ నడుము ఎత్తులో భగ్గుమని, మోకాలి దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసింది. పెట్టె ఖాళీ అయింది. ఎవరో సిగరెట్టు లైటరు ఇచ్చారు. దానిదీ అదే గతి.

కాలువ గట్టు మీద నిలబడ్డ బానయ్య ఇక ఆగలేకపోయాడు. తాడు ఎత్తి ముందుకు వచ్చాడు.

"అయ్యా! దీపం ఆరింది! మనుషులు ఎల్లిపోవాలె! బాయిల గదే కానూను! మొదలు మనుషులను మీదికి ఎక్కియ్యిండ్రి!"

"పెద్దాయనా, ఇది సభ, బాయి కాదు" అన్నారు పరాంకుశం గారు చిరునవ్వుతో.

"కింద ఉన్నది నా బాయే నాయినా" అన్నాడు బానయ్య. ఇద్దరు గార్డులు ఆయన్ను మర్యాదగా మళ్లీ తాడు అవతలికి పంపారు.

చక్రధర్ ముందుచూపున్న మనిషి. ఇలాంటి సభల కోసం బల్బులు బిగించిన కరెంటు దీపం ఒకటి స్టోర్ రూములో ఉండటం అతనికి గుర్తొచ్చింది. తెప్పించి స్విచ్ నొక్కించాడు. ఐదు బల్బులూ వెలిగాయి. చప్పట్లు మోగాయి. సన్నాయి మళ్లీ ఎత్తుకుంది.

తరువాత ప్రసంగాలు. పరాంకుశం గారు నిలబడి మాట్లాడారు కనుక ఆయనకేమీ కాలేదు. కమిటీవాళ్లు మాత్రం వేదిక దిగి సోఫాల్లో కూర్చున్నారు. పది నిమిషాల్లో ఒకాయన ఆవలించాడు. ఇంకొకాయన తల వాలింది. అధ్యక్షుడు గడ్డం ఛాతీకి ఆనించి గాఢంగా నిద్రలోకి జారాడు. ప్రసంగాలకు పెద్దలు నిద్రపోవడం కొత్త కాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. గట్టు మీద బానయ్య ఒక్కడే, "అవి నిద్రపోయే మొకాలు కావురా!" అని కొడుకు చెయ్యి పట్టుకుని గుంజాడు. తండ్రీకొడుకులిద్దరూ గార్డులను తోసుకుంటూ దిగి, సోఫాల్లోవాళ్లను చంకల్లో చేతులు పెట్టి లేపి, గట్టు మీదికి ఈడ్చుకొచ్చారు. కొంచెంసేపటికి వాళ్లు కళ్లు తెరిచారు.

మర్నాటి పత్రికా ప్రకటనలో, సంస్థ విజయగాథ విని అధ్యక్షులవారు భావోద్వేగానికి లోనయ్యారని ఉంది. అధ్యక్షుడు తలకు తడిగుడ్డ కట్టుకుని గెస్ట్‌హౌస్ నుంచే కమిటీ సిఫార్సులు చెప్పి రాయించాడు. వచ్చే ఏడాది లక్ష్యం ఇరవై వేల టన్నులు. రెండో వనరును పదేళ్ల పాటు ఎవరూ మూయరాదు, కదిలించరాదు.

ఆ కాగితం చదివి ఓదెలు మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. రాజవ్వ పొయ్యి దగ్గరికి వెళ్లిన ఒక్క క్షణంలో హన్సిక ఎత్తు మంచం అంచు దాకా పాకి, నిచ్చెన మీదుగా జారి నేల మీదికి దిగింది. దెబ్బేమీ తగల్లేదు. ఏడవను కూడా లేదు. అందుకే ఎవరూ చూడలేదు. చూసేసరికి పిల్ల బోర్లా పడుకుని ఉంది, పెదాలు నేరేడుపండు రంగు. స్రవంతి వీధిలోకి ఎత్తుకుని పరుగెత్తింది. బానయ్య పిల్లను తలకన్నా పైకి, చేతులు చాచినంత ఎత్తుకు లేపి పట్టుకున్నాడు. అలా ఎంతసేపు నిలబడ్డాడో ఎవరికీ తెలియదు. చివరికి పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు విని లైనంతా ఏడ్చింది.

ఆ సాయంత్రం ఓదెలు ఒక మూల కూర్చుని తన నివేదిక, లైనువాళ్ల ఆరు అర్జీల నకళ్లు ముందు పెట్టుకున్నాడు. అన్నిటిలోనూ ఉన్నవి అవే మాటలు: మనుషులు, ప్రమాదం, ప్రాణం, పిల్లలు. పక్కనే నిబంధనావళి తెరిచి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు. వాటిలో ఒక్క మాటైనా అందులో లేదు. ఉన్నది టన్ను. అది నాలుగు వందల పదమూడు సార్లు ఉంది.

తెల్లవారి అతను కొత్త నివేదిక రాశాడు.

"రెండో వనరుకు చెందిన వాయువులో రోజుకు సుమారు తొమ్మిది టన్నులు బోర్డుకు చేరకుండానే పల్లపు లైనులోని ముప్పై రెండు గృహములలో నిలిచిపోవుచున్నది. సదరు గృహముల నివాసులు నూట నలభై ఒక్కరు దానిని ఎట్టి అనుమతియు లేకుండ రేయింబవళ్లు పీల్చుచున్నారు. నివాసులను తొలగించి, గృహములను మూసి, గొట్టములు అమర్చినచో ఆ తొమ్మిది టన్నులను పట్టుబడిగా చూపవచ్చును."

పరాంకుశం గారు చదువుతూనే లేచి నిలబడ్డారు. ముఖం ఎర్రబడింది.

"ఎన్నాళ్లుగా జరుగుతోంది ఈ దోపిడీ?"

"ఐదు వారాలుగా సార్."

"సంస్థ పట్టిన వాయువును... ఊరకే పీల్చేస్తున్నారా! మీరు ఇన్నాళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"ఈ మాట తెలియక సార్" అన్నాడు ఓదెలు. అందులో అబద్ధం లేదు.

ఆరు అర్జీలు కదపలేని సంస్థ ఆరు గంటల్లో కదిలింది. మధ్యాహ్నానికి లారీలు వచ్చాయి, పోలీసులు వచ్చారు. గుట్ట మీద ఏళ్లుగా తాళం వేసి ఉన్న ఇంజనీర్ల క్వార్టర్ల తాళాలు పగలగొట్టారు, ఎందుకంటే తాళంచెవి కోసం వెతికే లోపు ఇంకో మూడు క్వింటాళ్లు పీల్చేస్తారని చక్రధర్ కంగారుపడ్డాడు. "త్వరగా ఎక్కండి! ఎవరూ గట్టిగా ఊపిరి తీయవద్దు!" అని అతను మైకులో అరిచాడు. మర్నాటి చీకటి పడేలోపు పల్లపు లైనులో ఒక్క మనిషి మిగల్లేదు.

లచ్చవ్వ లారీ మీద సామాన్ల నడుమ, చంకలో పుంజుతో కూర్చుని ఓదెలును కేకేసింది. "ఏరా ఓదెలూ, మమ్ములను దొంగలని రాసినవట గద?"

"రాసిన చిన్నమ్మా" అన్నాడు అతను తల దించుకుని.

"గా ముక్క నెల కిందనే రాయకపోతివి! మూడు కోళ్లన్న మిగులుతుండె!"

మార్చి ముప్పై ఒకటిన బోర్డు పదివేలు దాటింది. టపాకాయలు కాల్చారు, గుట్ట కింద కాదు, మీద. కింద కాలవు కనుక. ఖాళీ అయిన ముప్పై రెండు ఇళ్ల తలుపులకూ సీలు వేసి, కిటికీల్లోంచి గొట్టాలు బిగించారు. గాలిబాయి మీద గొడుగు అలాగే ఉంది. పంపు అలాగే తిరుగుతోంది.

ఏప్రిల్ మొదటి వారంలో ఆఫీసు బంట్రోతు గుట్టెక్కి వచ్చి బొంకూరి వారి ఇంటికి రెండు కవర్లు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. ఓదెలు రెండూ విప్పి తండ్రికి చదివి వినిపించాడు. మొదటిది అతనికి: సంస్థ ఆస్తి అపహరణను పసిగట్టినందుకు ప్రశంస, దాంతోపాటు ఉద్యోగం ఖాయం. రెండోది ఇంట్లోవాళ్లకు సంజాయిషీ నోటీసు. ఐదు వారాలుగా సంస్థ వాయువును అనధికారికంగా పీల్చినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో పదిహేను రోజుల్లో తెలుపవలెను. కింద పేర్ల పట్టిక. అందులో హన్సిక పేరు దగ్గర చుక్క గుర్తు పెట్టి, "ఈ నివాసి నేలకు అతి సమీపముగా సంచరించు అలవాటు గలది గావున తలసరి కంటె అధికముగా పీల్చినట్లు అంచనా" అని ప్రత్యేకంగా రాశారు.

బానయ్య మనుమరాలిని ఒళ్లోకి తీసుకున్నాడు. తరువాత అడిగాడు. "నీకిచ్చిన కాగితంల మా పానాల ముచ్చట ఏమన్న ఉన్నదా బిడ్డా?"

"లేదు బాపూ."

"మాకిచ్చినదాంట్ల?"

"ఇందుల గూడ లేదు."

"మరి గిప్పుడు ఏమని రాస్తవ్? నువ్వు ఆఫీసరువైతివి."

ఓదెలు ప్రశంసాపత్రాన్ని మడిచి పక్కన పెట్టాడు. కలం మూత తీసి, తెల్లకాగితం మీద, ఆఫీసు భాషలో కాకుండా ఇంటి భాషలో రాయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క మాటా పైకి చదువుతూ రాశాడు, తండ్రి వినాలని.

"అయ్యా, మీ పొగను మా హన్సిక పీల్చినమాట నిజమే. పీల్చినదంత అక్కడికక్కడనే ఇడిసిపెట్టింది. గుట్ట మీదికి మేము తెచ్చుకున్నది ఊపిరి ఒక్కటే. అది మాది. తిరిగి ఇయ్యం."

కింద పంపినవారి పేరు రాసేచోట తండ్రి పేరు రాయబోయి ఆగి, తన పేరే రాశాడు: బొంకూరి ఓదెలు, జూనియర్ కెమిస్టు.